అదే సొమ్ముతో అందరికీ నీడ

తెలంగాణలో బడుల నిర్మాణం కోసం ఇటీవలి సంవత్సరాలలో ప్రకటించిన పథకాలలో యంగ్ ఇండియా సమీకృత గురుకుల పాఠశాలల పథకం చాలా పెద్దది. 2024 అక్టోబరు 11న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రంగారెడ్డి జిల్లా కొందుర్గులో దీనికి శంకుస్థాపన చేశారు. 2025 మార్చిలో 55 పాఠశాలలకు 11,000 కోట్ల రూపాయలతో పరిపాలనా అనుమతి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ముఖ్యమంత్రి ఢిల్లీలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌ను కలిశారు. ఇటువంటి పాఠశాలలు 105 నిర్మించడానికి 21,000 కోట్లు, ఇతర విద్యాసంస్థల వసతులకు మరో 9,000 కోట్లు, మొత్తం 30,000 కోట్ల అప్పును ద్రవ్య బాధ్యత చట్టం పరిమితి నుండి మినహాయించాలని కోరారు.

ఒక్కొక్క పాఠశాల అంచనా వ్యయం 200 కోట్లు. స్థలం 20 నుండి 25 ఎకరాలు. అందులో 2,560 మంది విద్యార్థులు ఉండి చదువుకుంటారు. ఇప్పుడు వేర్వేరుగా నడుస్తున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తేవాలన్నది పథకం ఉద్దేశం.

ఈ విషయం ముస్లిం కుటుంబాలకు దగ్గరిది. 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాల సంఖ్య కొద్ది సంవత్సరాలలోనే 204కు పెరిగింది. వాటిలో దాదాపు సగం ఆడపిల్లలవి. ఆటో నడిపే తండ్రి, మిషన్ కుట్టే తల్లి తమ బిడ్డను ఇంగ్లీషు మీడియంలో చదివించగలమని నమ్మింది ఈ గురుకులాల వల్లనే. వాటి భవిష్యత్తు ఏ భవనంలో, ఎక్కడ, ఎప్పటికి అన్న ప్రశ్నకు జవాబు ఈ పథకంలోనే ఉంది. కనుక దీనిని రాజకీయ పార్టీల వాదోపవాదాలకు వదిలివేయకుండా మనమే లెక్క వేసి చూసుకోవాలి.

పథకంలోని మంచి

ముందుగా న్యాయం మాట్లాడాలి. ఈ పథకం వెనుక ఉన్న ఆలోచనలో కాదనవలసింది లేదు. పేదల పిల్లలకు మంచి భవనం, ప్రయోగశాల, ఆట స్థలం ఉండాలనడం ధర్మమే. కార్పొరేట్ పాఠశాలల పిల్లలకు ఉన్నవి కూలివాని బిడ్డకు ఎందుకు ఉండకూడదు?

కులాల వారీగా, మతాల వారీగా విడివిడి గోడల మధ్య పెరిగే పిల్లలు ఒకే చోట కలిసి చదవాలనడం కూడా మంచి మాటే. మసీదులో ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడే మనకు ఇది ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మైనారిటీ గురుకులాలలోనూ మొదటినుండి నాలుగింట ఒక వంతు సీట్లు ఇతర వర్గాల పిల్లలకు ఉన్నాయి. అక్కడ ముస్లిం పిల్లల పక్కనే హిందూ పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు.

ఖర్చు విషయంలోనూ తొందరపడి నిందించరాదు. 200 కోట్లను 2,560 మందికి పంచితే ఒక్కొక్క సీటుకు దాదాపు 7 లక్షల 80 వేల రూపాయలు అవుతుంది. గిరిజన విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం కట్టే ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు మైదాన ప్రాంతాలలో అంచనా 37 కోట్ల 80 లక్షలు. అందులో చదివేది 480 మంది. సీటుకు దాదాపు 7 లక్షల 87 వేలు. కనుక రాష్ట్ర ప్రభుత్వం సీటు ధరను అమాంతం పెంచివేసిందనడం సరికాదు. ఆ తరహా ప్రాంగణానికి ఆ ధర అవుతుంది.

మరి అభ్యంతరం దేనికి? ఆ తరహా ప్రాంగణమే కట్టాలా అన్నదే అసలు ప్రశ్న. ఇంటిలో నలుగురు బిడ్డలున్నప్పుడు ఒకరికి పట్టు బట్టలు కొని ముగ్గురిని చిరుగులతో ఉంచిన తండ్రిని ఎవరూ మెచ్చుకోరు. పట్టు బట్టల ధర సరైనదే కావచ్చు. కాని ఇంటి పరిస్థితి చూసి కదా ఖర్చు చేయాలి!

ఇంటి పరిస్థితి ఏమిటి?

ప్రభుత్వమే 2024 అక్టోబరులో ఈ పథకాన్ని ప్రకటిస్తూ ఒక లెక్క చెప్పింది. రాష్ట్రంలో ఉన్న 1,023 గురుకులాలలో 662కు సొంత భవనాలు లేవు. అంటే ప్రతి మూడింటిలో దాదాపు రెండు పరాయి పంచన ఉన్నాయి. మైనారిటీ గురుకులాలలో అత్యధికం అద్దె భవనాలలోనే మొదలయ్యాయి. మూతబడిన ఇంజినీరింగు కళాశాలలు, నడవని ప్రైవేటు పాఠశాలలు, ఫంక్షన్ హాళ్లు, వ్యాపారం కోసం కట్టిన భవనాలు వాటికి నెలవులయ్యాయి. ఉన్న నాలుగు స్నానాల గదుల ముందు తెల్లవారుజామునే వరుస కట్టవలసిన పరిస్థితి కొన్ని చోట్ల ఉంది. పగలు తరగతి జరిగిన గదిలోనే రాత్రి పక్కలు పరచుకునే పిల్లలూ ఉన్నారు.

కొందుర్గులో శంకుస్థాపన జరిగి వారం తిరగక ముందే, దసరా సెలవుల తరువాత బడికి వచ్చిన పిల్లలకు కొన్ని చోట్ల గేటుకు తాళం కనిపించింది. నెలల తరబడి అద్దె రాలేదని భవన యజమానులు తాళాలు వేశారు. ప్రభుత్వం కదిలింది, తాళాలు తెరుచుకున్నాయి. కాని పెట్టె చేతబట్టుకుని గేటు బయట నిలబడిన పదేళ్ల పిల్లకు ఆ రోజు అర్థమైనదేమిటి? తన బడి తనది కాదని.

గురుకులాల సంగతి ఇలా ఉంటే ఊళ్లలోని మామూలు ప్రభుత్వ బడుల సంగతి మరొకటి. 2022 మార్చిలో అప్పటి ప్రభుత్వం వనపర్తిలో 'మన ఊరు – మన బడి' కార్యక్రమాన్ని ప్రారంభించింది. 26,065 బడులను మూడు విడతలలో బాగుచేయడానికి 7,289 కోట్లు అవసరమని అంచనా వేసింది. సగటున ఒక్కొక్క బడికి 28 లక్షలు. మరుగుదొడ్లు, మంచినీరు, కరెంటు, బెంచీలు, ప్రహరీ గోడ, అదనపు గదులు ఇందులో ఉన్నాయి. మొదటి విడతలో 9,123 బడులను తీసుకున్నారు. చాలా చోట్ల పనులు మధ్యలో ఆగాయి. చేసిన పనులకు బిల్లులు రాక గుత్తేదారులు కార్యాలయాల చుట్టూ తిరిగారు. 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరిట మహిళా సంఘాలకు మరమ్మతులు అప్పగించింది. కొంత మేలు జరిగింది. కాని మొదటి అంచనాలో ఉన్న పని ఇంకా చాలా మిగిలే ఉంది.

200 కోట్ల ఒక్క ప్రాంగణం ఖర్చుతో, ఆ అంచనా ప్రకారం, దాదాపు 700 ఊళ్ల బడులు బాగుపడతాయి. ఒక నియోజకవర్గంలో ఉండే ప్రభుత్వ బడుల కంటే ఇది చాలా ఎక్కువ.

అప్పు మీద కట్టే చదువు

ఈ పథకం అప్పు మీద ఆధారపడినది. ఇస్లాం వడ్డీని నిషేధించింది. ప్రభుత్వాల ఆర్థిక వ్యవస్థ ఆ సూత్రం మీద నడవడం లేదన్నది తెలిసిన సంగతే. అయినా వడ్డీ అనేది బిడ్డ నోటి ముందు నుండి ఎంత లాగుతుందో చూడడం ఏ మతం వారికైనా అవసరమే.

వడ్డీ ఏటా 8 శాతం అనుకుందాం. 200 కోట్ల మీద సంవత్సరానికి 16 కోట్లు. 2,560 మందికి పంచితే ఒక్కొక్క బిడ్డ పేరిట ఏటా 62,500 రూపాయల వడ్డీ. అసలు దీనికి అదనం.

ఇప్పుడు ఆ బిడ్డ తిండి లెక్క చూడండి. 2024 చివరలో ప్రభుత్వం గురుకులాల, వసతి గృహాల మెస్ చార్జీలను 40 శాతం పెంచింది. అది మెచ్చదగిన నిర్ణయం. ఆ పెంపు తరువాత 3 నుండి 7వ తరగతి వరకు ఒక్కొక్కరికి నెలకు 1,330 రూపాయలు, 8 నుండి 10వ తరగతి వరకు 1,540 రూపాయలు, ఇంటర్ విద్యార్థులకు 2,100 రూపాయలు అయింది. పది నెలలకు పదో తరగతి బిడ్డ తిండి ఖర్చు 15,400 రూపాయలు. గోడల మీద వడ్డీ 62,500! బిడ్డ తినేదానికి నాలుగు రెట్లు గోడ తింటున్నదన్న మాట.

2024లోనే పలు గురుకులాలలో ఆహారం వికటించి పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు చదివాము. ఆ పిల్లలకు ఆ రోజున ముందుగా కావలసినవి శుభ్రమైన వంటగది, మంచి సరుకులు, అడిగే వార్డెన్, పక్కన ఒక నర్సు. వీటిలో ఏదీ 25 ఎకరాల కోసం ఆగవలసిన పని లేదు.

మదీనా చూపిన వరుస

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా చేరిన తరువాత నిర్మించిన మస్జిద్ ఎట్లా ఉండేదో మనకు తెలుసు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, మీద ఖర్జూరపు మట్టల కప్పు. ప్రవక్త (స) తామే ఇటుకలు మోశారు. ఆ మస్జిద్‌లోనే ఒక పక్క నీడ వేసిన అరుగు ఉండేది. అదే సుఫ్ఫా. ఇల్లూ వాకిలీ లేని పేద సహచరులు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే నేర్చుకునేవారు. అన్నం పెట్టి, నీడనిచ్చి, చదువు చెప్పిన సుఫ్ఫాలో నేటి గురుకులం పోలికలు కనిపిస్తాయి. వేలాది హదీసులను మనకు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) ఆ అరుగు మీది విద్యార్థే.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చిన వారికి పరిహారంగా డబ్బు బదులు మదీనా పిల్లలకు చదువు నేర్పే పని అప్పగించారని, ఒక్కొక్కరు పదిమందికి నేర్పితే విడుదల అన్నారని చరిత్రకారులు రాశారు. ఖజానాకు డబ్బు అవసరమైన రోజులవి. అయినా ముందు గురువును చూసుకున్నారు.

హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో ప్రవక్త మస్జిద్‌ను విస్తరించారు. జనం పెరిగారు కనుక పెంచడం అవసరమైంది. కాని జనానికి వానతాకిడి లేకుండా చూస్తే చాలునని, రంగుల హంగులతో వారి దృష్టి చెదరగొట్టవద్దని పని చేసేవారికి చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉంది.

దీని అర్థం పేద పిల్లలు మట్టల పందిరి కింద చదువుకోవాలని కాదు. అలా అనేవాడు ముందు తన బిడ్డను అక్కడికి పంపాలి. ఖుర్‌ఆన్ దుబారాను ఎంతగా ఖండించిందో పిసినారితనాన్నీ అంతగానే ఖండించి, ఖర్చులో మధ్యేమార్గాన్ని నేర్పింది. మదీనా మనకు చూపేది ఒక వరుస. మొదట గురువు, అన్నం, భద్రమైన నీడ. ఆ తరువాత వైశాల్యం. ఆ పైన శక్తి ఉంటే సొగసు.

ఖందక్ సందర్భం కూడా గుర్తు చేసుకోవాలి. మదీనా మీదికి పెద్ద సైన్యం వస్తున్నప్పుడు కందకం తవ్వుదామని సలహా ఇచ్చింది పర్షియా నుండి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి). పారలు, తట్టలు, చేతులు ఉంటే అయ్యే పని. ఆ సలహాను ప్రవక్త (స) స్వీకరించి తామూ తవ్వారు. పాలకుని ముందు చౌకైన దారి ఉంచడం ఎదిరించడం కాదు. అది సలహా. షూరా అంటే అదే.

ప్రత్యామ్నాయం ఇది

అయితే ఏం చేయాలి? ఊరికే వద్దనడం సులభం. అదే 21,000 కోట్లను మరో విధంగా ఖర్చు చేస్తే ఏమవుతుందో చూద్దాం.

ఒక గురుకులంలో 5వ తరగతి నుండి ఇంటర్ రెండో సంవత్సరం వరకు తరగతికి 80 మంది చొప్పున 640 మంది ఉంటారనుకుందాం. సమీకృత ప్రాంగణంలోని 2,560 అంటే ఇలాంటి నాలుగు బడులే. ఒక బిడ్డకు తరగతి గది, పడక గది, భోజనశాల, స్నానాల గదులు అన్నీ కలిపి 100 చదరపు అడుగుల కట్టడం వేసుకుంటే 640 మందికి 64,000 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 2,500 రూపాయలు చొప్పున 16 కోట్లు. నీరు, మురుగు కాలువలు, ప్రహరీ, వార్డెన్ల గదులు కలిపి 20 కోట్లు అనుకుందాం. ఇది స్థూలమైన లెక్క. స్థలం ప్రభుత్వానిదే అయివుండాలన్నది ఇందులోని షరతు. ఇంజినీర్లు దీనిని సరిచూడవచ్చు.

సొంత గూడు లేని 662 గురుకులాలకు 20 కోట్లు చొప్పున 13,240 కోట్లు. 26,065 ఊరి బడులకు 2022 అంచనా ప్రకారం 7,289 కోట్లు. రెండూ కలిపితే 20,529 కోట్లు. 21,000 కోట్లలోపే! మొదటి దారిలో దాదాపు 2 లక్షల 70 వేల మందికి చోటు దొరుకుతుంది. రెండో దారిలో, అన్ని గురుకులాలూ నిండితే, 4 లక్షల 20 వేల మందికి పైగా సొంత నీడ దొరుకుతుంది. పైగా రాష్ట్రంలోని ప్రతి ఊరి బడికీ నీరు, మరుగుదొడ్డి, గోడ వస్తాయి.

2022 తరువాత ధరలు పెరిగాయి, నిజమే. కాని కొన్ని బడులకు ఇప్పటికే పని జరిగింది. అంతేకాక 662కూ కొత్త భవనం కట్టనక్కరలేదు. ఈ ఖర్చును ఇంకా తగ్గించే మార్గాలు ఉన్నాయి.

మొదటిది, ఉన్నదానిని కొనడం. గత పది పన్నెండేళ్లలో తెలంగాణలో ఎన్నో ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలు విద్యార్థులు లేక మూతబడ్డాయి. తరగతి గదులు, ప్రయోగశాలలు, కొన్నింటికి హాస్టళ్లు, ఆట స్థలాలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో గురుకులాలు ఇప్పటికే అద్దెకు ఉన్నాయి. రోడ్లు భవనాల శాఖ చేత నాణ్యత, విలువ పరీక్ష చేయించి, గట్టివాటిని కొనివేస్తే అద్దె బాధ పోతుంది. పిల్లలు కదలనక్కరలేదు. ఏళ్ల తరబడి నిర్మాణం కోసం చూడనక్కరలేదు.

రెండవది, కట్టే తీరు. కేరళలో స్థిరపడిన ఆర్కిటెక్టు లారీ బేకర్ పేరు కొందరు వినే ఉంటారు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం ఆయన కట్టినదే. ఇటుకలను అంచుమీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వచ్చేలా గోడ కడితే ఇటుకలు నాలుగింట ఒక వంతు ఆదా అవుతాయని, ఎండ వేడి కూడా తగ్గుతుందని చూపించారు. శ్లాబులో బరువు మోయని చోట కాంక్రీటుకు బదులు పెంకులు పరిచారు. అనవసరమైన ప్లాస్టరింగు మానివేశారు. మనకు తాండూరు, షాబాదు బండలున్నాయి. నల్లరాయి ఉంది. రాతి గోడలు కట్టే వడ్డెర మేస్త్రీలున్నారు. అద్దాల ముఖద్వారాలు, నున్నని టైల్సు లేకున్నా గాలీ వెలుతురూ ఉన్న బడి కట్టవచ్చు. చౌక అంటే నాసిరకం అని కాదు. దేనికి ఎంత అవసరమో అంతే వాడడం.

మూడవది, వఖ్ఫ్ భూమి. వఖ్ఫ్ బోర్డు లెక్కల ప్రకారమే తెలంగాణలో సుమారు 77 వేల ఎకరాల వఖ్ఫ్ భూములున్నాయి. అందులో ఎక్కువ భాగం అన్యాక్రాంతమైందన్నది మన కళ్ల ముందున్న విషాదం. వివాదం లేనివి, ఖాళీగా ఉన్నవి ఉన్నచోట బడికి ఇవ్వవచ్చు. విద్య కోసం 30 సంవత్సరాల వరకు లీజుకు ఇవ్వడానికి 2013లో చేసిన సవరణ దారి చూపింది. భూమి వఖ్ఫ్‌గానే ఉండాలి. లీజు సొమ్ము వఖ్ఫ్ నిధికే చేరాలి. దానం చేసిన పెద్దల ఉద్దేశానికి భంగం రాకూడదు. ఈ షరతులతో అక్కడ మన ఆడపిల్లల గురుకులం లేస్తే ఆ భూమికి అదే మంచి కాపలా. ఖాళీ స్థలాన్ని ఆక్రమించినట్లు 600 మంది పిల్లలున్న బడిని ఎవరూ ఆక్రమించలేరు.

నాలుగవది, నగరం సంగతి. హైదరాబాదు పాతబస్తీలో 20 ఎకరాలు ఎక్కడ దొరుకుతాయి? ఊరి బయట దొరికిన చోట కడితే పాతబస్తీ బిడ్డకు అది దూరం. అక్కడ ఒకే భవనంలో రెండు మూడు ప్రభుత్వ బడులు ఇరుకుగా నడుస్తున్నాయి. పునాది గట్టిగా ఉన్నవాటి మీద అంతస్తులు వేయాలి. శిథిలమైనవాటిని అదే స్థలంలో తిరిగి కట్టాలి. అక్కడి పిల్లలకు గురుకులం కంటే ముందు ఇంటి దగ్గరి పగటి బడి అవసరం.

దూరం అనే మాట

దూరం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది అంకెలలో కనిపించదు. మన కుటుంబాలలో ఆడపిల్లను హాస్టలుకు పంపడానికి తల్లిదండ్రులు ఎంత ఆలోచించారో, ఇంటిలో పెద్దలను ఎట్లా ఒప్పించారో అందరికీ తెలుసు. బడి పట్టణంలో ఉంది, ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు, జ్వరం వస్తే గంటలో చేరుకోవచ్చు అన్న ధైర్యం వారిని ఒప్పించింది. నియోజకవర్గానికి ఒక్క ప్రాంగణమంటే కొందరికి అది దగ్గరవుతుంది, చాలామందికి దూరమవుతుంది. ప్రభుత్వ భూమి 25 ఎకరాలు ఒక్కచోట దొరికేది సాధారణంగా గుట్టల పక్కన, ఊరికి ఎడంగా. అక్కడికి బస్సు ఎన్నిసార్లు వెళుతుంది? బడి మారిన సంవత్సరం చదువు మానే బిడ్డ ఎవరి లెక్కలోకి రాదు.

చిన్న బడి ఉన్న ఊరిలోనే ఉంటుంది. పిల్లల కలయికకు కూడా అది అడ్డు కాదు. ఒకే పట్టణంలోని రెండు గురుకులాలను పక్కపక్కన కట్టి ఆట స్థలం, ప్రయోగశాల, గ్రంథాలయం ఉమ్మడిగా పెట్టవచ్చు. ఇతర వర్గాలకు ఇచ్చే సీట్ల వాటాను అన్ని సొసైటీలలోనూ పెంచవచ్చు. సమైక్యత గోడ పొడవును బట్టి రాదు.

కొన్ని సందేహాలు

"చిన్న పనుల పథకాలు కూడా ఆగిపోయాయి కదా, మన ఊరు – మన బడి ఏమైంది?" అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. కాని తేడా ఒకటి ఉంది. చిన్న పనుల పథకం సగంలో ఆగితే సగం బడులైనా బాగుపడి ఉంటాయి. 200 కోట్ల ప్రాంగణం సగంలో ఆగితే స్తంభాలు మిగులుతాయి, వాటి మీద వడ్డీ మిగులుతుంది. ప్రభుత్వాలు మారినప్పుడు పాత ప్రభుత్వపు పేరు ఉన్న పథకాన్ని కొత్త ప్రభుత్వం పక్కన పెట్టడం మన రాష్ట్రాలలో ఆనవాయితీ అయింది. కనుక ఏ సంవత్సరపు పని ఆ సంవత్సరంలో ముగిసేటట్లు ఉండడమే పిల్లలకు క్షేమం.

"ఏకలవ్య పాఠశాలకు 480 మందికే 37 కోట్లు అవుతుంటే 640 మందికి 20 కోట్లు ఎట్లా సరిపోతాయి?" అనీ అడగవచ్చు. వాటికి 15 ఎకరాల ప్రాంగణం, ఉద్యోగులందరికీ నివాసాలు, ఇతర హంగులు ఉంటాయి. మారుమూల అడవి ప్రాంతంలో అవి అవసరం. పట్టణం అంచున ఉన్న బడికి వార్డెన్లు, రాత్రి విధుల వారు తప్ప మిగతా ఉపాధ్యాయులు ఊళ్లో ఉండగలరు. ఒకవేళ కొన్ని చోట్ల 25 కోట్లు అయినా, కొని బాగుచేసే చోట్ల అందులో చాలా భాగం కలిసివస్తుంది.

"ఇప్పటికే మొదలైనవాటిని ఏం చేయాలి?" కట్టడం సాగుతున్నవాటిని పూర్తిచేయాలి. ప్రజల సొమ్ము పునాదులలో పాతిపెట్టి వదలడం మరో దుబారా. మొదలుకానివాటి విషయంలో మాత్రం ఆగి, పైన చెప్పిన లెక్కను సరిచూసి నిర్ణయించాలి. ముందుగా 662 గురుకులాల జాబితాను జిల్లాల వారీగా ప్రకటించాలి. ఏ భవనం ప్రమాదకరం, ఏది ఇరుకు, ఏది కొనదగినది అని వర్గీకరించి, ప్రమాదకరమైనవాటితో పని ప్రారంభించాలి. ఏడాదికి వంద చొప్పున పూర్తిచేసినా ఏడేళ్లలోపు అద్దె గురుకులం అన్న మాట ఉండదు. అంత అప్పు ఒక్కసారిగా తేవలసిన అవసరమూ ఉండదు.

మన వంతు

ప్రభుత్వం చేయవలసింది చెప్పి ఊరుకుంటే సరిపోదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. మన మొహల్లాలలో ఎంతమంది ఆ సమావేశాలకు వెళుతున్నారు? సంతకం చేయమని పుస్తకం ఇంటికి వస్తే చేసి పంపే అలవాటు పోవాలి. గురుకులంలో బిడ్డ ఉన్నవారు ఆదివారం టిఫిన్ డబ్బాతో వెళ్లినప్పుడు వంటగది, స్నానాల గదులు, మెట్లు కూడా చూసి రావాలి.

మూడు సంగతులు అడగాలి. మా బడి భవనం అద్దె ఒప్పందం ఎప్పటి వరకు ఉంది? భవన భద్రత, అగ్నిమాపక పరీక్ష ఎప్పుడు జరిగింది? కొత్త ప్రాంగణం వస్తే మా బడి ఎక్కడికి, ఎప్పుడు మారుతుంది, మైనారిటీ సీట్లు, ఉర్దూ బోధన ఏమవుతాయి? సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు ఉంది. చదువుకున్న యువకులు ఈ దరఖాస్తులు రాసిపెట్టడం కూడా సదఖా జారియానే.

మసీదు కమిటీలు, జమాఅత్ పెద్దలు జుమా తరువాత ఒక పావుగంట ఈ విషయానికి కేటాయించవచ్చు. తమ పట్టణంలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం, వివాదం లేని వఖ్ఫ్ స్థలం, మూతబడిన కళాశాల భవనం ఏవేవి ఉన్నాయో జాబితా తయారుచేసి శాసనసభ్యునికి, కలెక్టరుకు ఇవ్వవచ్చు. ఎస్సీ, బీసీ గురుకులాల పిల్లల తల్లిదండ్రులనూ వెంట తీసుకువెళ్లాలి. కారే కప్పుకు కులం, మతం తెలియవు. అందరం కలిసి అడిగితే ఇది ఒక వర్గం కోరిక అని ఎవరూ తోసిపుచ్చలేరు.

శంకుస్థాపన ఫలకం మీద పేర్లు పాలకులవి. ఆ తరువాత మూడు నాలుగేళ్లు ఎదురుచూసేది పిల్లలు. ఈ రోజు ఆరో తరగతిలో ఉన్న బిడ్డ భవనం పూర్తయ్యేనాటికి తొమ్మిదో, పదో తరగతికి వచ్చేస్తుంది. ఆ బిడ్డ వయసు ఏ బడ్జెట్టు కోసమూ ఆగదు. కనుక ఆమె ఉన్న చోటనే, ఈ సంవత్సరమే, కురవని కప్పు, నీళ్లున్న స్నానాల గది, తాళం పడని గేటు ఇవ్వగలిగిన పథకమే మంచి పథకం. అందుకు డబ్బు ఉంది. దానిని పంచే పద్ధతి మారాలని ప్రభుత్వానికి సలహా ఇద్దాం, అడుగుదాం, అడుగుతూనే ఉందాం.